తలుపు మూసిన గురువారాలు

నవంబర్ 11, సోమవారం

ఈ డైరీ నా కొడుకు ముదస్సిర్ పనిచేసే విత్తనాల దుకాణంలో ఇచ్చింది. పది నెలల పేజీలు ఖాళీగానే పోయాయి. "రాసుకో అమ్మీ, మనసుల ఉన్నది జర దిగుతది" అని వాడు నా ముందర పెట్టి పోయాడు. నేను చదివింది ఐదో తరగతి, అదీ తెలుగు బడిలో. తప్పులు పోతాయి. చదివేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఫరవాలేదు.

నా బిడ్డ ముబషిరా పోయి ఈ రోజుకు పదహారు రోజులు.

పొద్దున వంటిల్లు తుడిచాను. ముందు తెల్లటి అరల తలుపులు, తర్వాత నల్లబండ, తర్వాత స్టవ్ అద్దం, ఆఖరున నేల. నా బిడ్డ చెప్పిన వరుస అది. తడిబట్ట ఒకసారి, వెంటనే పొడిబట్ట ఒకసారి. ఇనుప పీచు తగలకూడదు. నిమ్మకాయ పిండిన చేత్తో బండ ముట్టకూడదు. అరల తలుపులు టప్పున వేయకూడదు, సగం దాకా తోస్తే అవే మెల్లగా మూసుకుంటాయి.

ఇక్కడ పాత వంటిల్లు ఉన్నప్పుడు గోడలన్నీ మసి. నా మనవరాలు నోషీ తండ్రి రాయచూరులో వేరే సంసారం పెట్టుకున్నాక, నా బిడ్డ ఆ మసిలో కూర్చునే జొన్నరొట్టెలు కాల్చి గద్వాల హాస్టళ్లకు ఇచ్చింది. నాలుగేళ్లు. తర్వాత ఇది కట్టించుకుంది. రోడ్డు మీద ఇసుక లారీల దుమ్ము వస్తుందని కిటికీకి తెరుచుకోని అద్దం పెట్టించింది. తలుపు అంచుకు చుట్టూ రబ్బరు పట్టీ వేయించింది. "తలుపు ఏసే ఉండాలె అమ్మీ. దుమ్ము రవ్వంత గూడ రావద్దు" అనేది. చిమ్నీ మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. దాని గొట్టం బయటికి పోవడానికి గోడకు రంధ్రం కొట్టాలి. చెక్కపని చేసిన ఇమ్మానుయేలు వచ్చి కొడతానన్నాడు. అంతలో ఇట్లా అయింది.

కొత్త వంటింట్లో తొమ్మిది రోజులు వండింది. పదో రోజు జ్వరం. కర్నూలు తీసుకుపోయాము. తెచ్చుకున్నాము.

నవంబర్ 13, బుధవారం

కోడలు సమీనా ఉడుకుతున్న పప్పు గిన్నె తెచ్చి నల్లబండ మీద పెట్టింది. నేను అరిచాను.

"బండకేమైతది అత్తా? బండే కద."

"మరక పడ్తది. ముబషిరా నీకు చెప్పలేదా?"

"చెప్పింది. ఉడుకు గిన్నె పెట్టొద్దని చెప్పింది. వండొద్దని చెప్పలేదు."

వెనక రేకుల షెడ్డులో ఒంటి పొయ్యి ఉంది కదా, అక్కడ వండుకోమన్నాను. సమీనా గిన్నెలన్నీ ఎత్తుకుని పోతూ, "వండుకోనీకి షెడ్డు, చూసుకోనీకి వంటిల్లు. మంచిగున్నది" అంది. నాకు వినపడాలనే అంది. నేను బండ మీద పొడిబట్ట వేసి రుద్దాను.

నవంబర్ 14, గురువారం

పోయిన రెండు గురువారాలు మసీదు హజ్రత్ వచ్చి ముందర గదిలో దాని పేరు మీద ఫాతెహా చదివాడు. నా బిడ్డకు ముందర గదితో ఏం పని? ఈ వారం నేనే వంటింట్లో చదివాను. నాకు అల్‌హమ్దు వచ్చు, ఖుల్ వచ్చు, అవి చాలు. పళ్లెంలో రొట్టె, బెల్లం, గ్లాసు నీళ్లు పెట్టాను. ఊదుదానిలో నిప్పులు వేసి లోబాన్ సాంబ్రాణి చల్లాను. దుమ్ము రాకుండా తలుపు వేశాను.

చదవడం అయిపోయినా లేవబుద్ధి కాలేదు. కూర్చున్నాను. కొంతసేపటికి తల బరువైంది. చెవుల్లో ఏదో మోగింది. గాజులు మోగినట్టు. పిండి కలిపేటప్పుడు దాని గాజులు అట్లాగే మోగేవి.

వచ్చింది.

నవంబర్ 15, శుక్రవారం

తలనొప్పి. నిద్ర లేకనే.

లోబాన్ పొగకు అరల తలుపులు కొంచెం పచ్చబడ్డాయి. గోరువెచ్చని నీళ్లలో సబ్బు చుక్క వేసి తుడిస్తే పోయింది. మూలలకు పాత దూది.

నవంబర్ 21, గురువారం

కూర్చున్నాను. ఏమీ కాలేదు. నిప్పులు తొందరగా ఆరిపోయాయి. ఊదుదాని మరీ చిన్నది.

నవంబర్ 28, గురువారం

మా అత్తగారి కాలం నాటి ఇనుప కుంపటి షెడ్డు పైనుంచి దింపి, బూడిద కడిగి, నిండా బొగ్గులు పోసి పెరట్లో రాజేశాను. ఎర్రగా అయ్యాక లోపలికి తెచ్చాను. కింద నేలకు వేడి తగలకుండా ఇటుకలు పెట్టాను. తలుపు కింద సందు ఉంది, అందులోంచి లోబాన్ వాసన బయటికి పోతోంది. తువ్వాలు మడిచి పెట్టాను.

ఈసారి చానా సేపు ఉంది. ముందు చెవుల్లో గాజులు. తర్వాత మోకాళ్లలో బలం పోయింది. గుండె దడదడ కొట్టుకుంది, భయమేమీ లేదు. తల వెనక వెచ్చగా ఎవరో నిలబడ్డట్టు అయింది. కళ్లు తెరవలేదు, తెరిస్తే పోతుందని.

"అమ్మీ, అంచులు తుడిచినవా?" అంది.

తుడిచానన్నాను.

"చిమ్నీ?" అంది. లేక నేనే అనుకున్నానో. అంది.

లేచి తలుపు తీయడానికి చేతులు రాలేదు. గోడ పట్టుకుని వచ్చాను. బయట చలిగాలి తగలగానే వాంతి అయింది. పెరట్లోనే అయింది, వంటింట్లో కాదు.

నవంబర్ 29, శుక్రవారం

సమీనా పైత్యం అంది. అల్లం రసం ఇచ్చింది. తాగాను. అది చెప్పేదానికి నేనెందుకు ఎదురు చెప్పాలి?

డిసెంబర్ 2, సోమవారం

ఇమ్మానుయేలు వనపర్తి నుంచి మోటర్ సైకిల్ మీద వచ్చాడు. వెనక డ్రిల్లు మిషను. వంటిల్లు మొత్తం చేసింది ఆ పిల్లవాడే. ముబషిరా అతనితో ప్రతి అరకూ కొట్లాడేది.

"అమ్మా, అక్క నాతోని మంచిగ పని చేయించుకున్నది. ఆ ఒక్క రంధ్రం బాకీ ఉన్నది. కొట్టేసి పోత."

"వద్దు నాయనా. నలభై దినాలు గానీ."

"పది నిమిషాల పని. దుమ్ము రాకుంట సంచి కడ్త."

"దాని టైల్స్ పగలగొట్టొద్దు. ఒక్కొక్కటి అది ఏరి తెచ్చుకున్నది."

అతను తలుపు తీసి లోపల చూశాడు. మూలన కుంపటి ఉంది. కూర్చుని బూడిద వేలితో కదిపాడు.

"ఇది లోపట ముట్టిస్తున్నరా?"

"ఫాతెహాకు."

"తలుపు తీసి పెట్టుకుంటున్నరు కద?"

నేను తలుపు అంచు కొంగుతో తుడిచాను.

"అమ్మా, నా మాట ఇనుండ్రి. ఈ గదికి గాలి పోనీకి తొవ్వ లేదు. అందుకే చిమ్నీ చిమ్నీ అని అక్కను పోరు పెట్టిన. మా మేనమామ ఇటుకబట్టీల పనికి పోయిండు. చలికి గుడిసెల బొగ్గులు పెట్టుకొని తడిక మూసుకొని పన్నరు. పొద్దుగాల ఇద్దరు లేవలె. మా మామ తడిక పక్కన పన్నడు కాబట్టి బతికిండు."

"అది బట్టీ నాయనా. ఇది అల్లా పేరు చదివే జాగా."

"గాలికి ఆ తేడా తెల్వదు కదమ్మా" అన్నాడు. చెడ్డ మాట అనలేదు, మెల్లగానే అన్నాడు. నాకు కోపం వచ్చింది. చాయ్ కూడా ఇవ్వకుండా పంపించాను. గేటు దాకా పోయి మళ్లీ వచ్చి, "తలుపన్న తీసి పెట్టుకోండ్రి" అని పోయాడు.

అతనికి ఏం తెలుసు? చెక్కపని తెలుసు.

డిసెంబర్ 4, బుధవారం

నలభై అయింది. వంటవాళ్లు పెరట్లో వండారు. వంటింటికి తాళం వేశాను.

పక్కింటి లలితమ్మ వచ్చి, తాళం తీయించుకుని చూసింది. "రజియా వదినె, నీ వంటింట్ల చీమ గూడ లేదు. నా ఇంట్లనైతే చక్కెర డబ్బాకు నన్నే కావలి పెట్టినయి" అని నవ్వించబోయింది. తర్వాత నా గడ్డం పట్టుకుని చూసి, "మొఖం గిట్ల గుంజుకపోయిందేంది?" అంది.

అందరూ పోయాక నోషీ వచ్చి ఒళ్లో కూర్చుంది. ఏడేళ్లు దానికి. రెండో తరగతి.

"నానీ, నువ్ వంటింట్ల ఎవరితోని మాట్లాడ్తవ్?"

"ఎవరన్నరు?"

"నేను తలుపుకాడ ఉండి ఇన్న. అమ్మీతోనా?"

ఔనన్నాను. ఏమనాలి? ఔనన్నాను.

"నన్ను అడగదా?"

డిసెంబర్ 5, గురువారం

నోషీని తీసుకుపోయాను. నలుగురూ నన్ను తిడితే తిట్టనీ. తల్లిని చూడడానికి పిల్లకు లేని హక్కు నాకు ఎక్కడిది?

కుంపటి, ఇటుకలు, లోబాన్, తువ్వాలు. నోషీ పక్కన కూర్చుని తువ్వాలు సర్దింది. నేను చదివాను. అది నా వెంట పెదవులు కదిపింది. కొంతసేపటికి "నానీ, తల తిరుగుతుంది" అంది. "అమ్మీ వచ్చే ముందు అట్లనే అయితది, కండ్లు మూసుకో" అన్నాను.

నా ఒళ్లో తల పెట్టుకుంది. మెల్లగా ఒళ్లు వదిలేసింది. ఎంత హాయిగా నిద్రపోయింది! తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల అట్లా నిద్రపోలేదు. నోరు కొంచెం తెరిచి, చేతులు రెండూ జారవిడిచి. పిలిచినా పలకలేదు. ముబషిరా వచ్చి దాని జుట్టు నిమురుతోందని అనుకున్నాను. నాకూ కళ్లు మూతలు పడ్డాయి.

సమీనా తలుపు తోసి పిల్లను ఎత్తుకుపోయింది. కోడలి అరుపులకు నాకు మెలకువ వచ్చింది. పెరట్లో మొఖాన నీళ్లు కొడితే నోషీ లేచి ఏడ్చింది. "పిల్లను పొగల కూసోబెడ్తరా ఎవరన్న? మతి ఉన్నదా అత్తా నీకు?" అని సమీనా నన్ను అన్నది. నా ముందర ఎప్పుడూ గొంతు లేపని పిల్ల.

డిసెంబర్ 6, శుక్రవారం

నోషీకి తలనొప్పి. బడికి పోలేదు. మధ్యాహ్నం నా చెవిలో చెప్పింది: "అమ్మీని చూసిన నానీ. పసుపుపచ్చ చున్నీ. రొట్టె తడ్తుండె."

నేను ఒక్కసారి కూడా చూడలేదు. వినడమే. పిల్లలకు తొందరగా కనపడతారు.

అరల తలుపులు తుడిచాను. ఈసారి రెండు నీళ్లు పట్టింది.

డిసెంబర్ 12, గురువారం

సమీనా మిషను మీద జాకెట్ కుడుతోంది. ముదస్సిర్ దుకాణంలో ఉన్నాడు. నేను నోషీకి అంతా చూపించాను. కింద కొబ్బరిపీచు, దాని మీద చిన్న బొగ్గులు, వాటి మీద పెద్దవి. అగ్గిపుల్ల కింది నుంచి పెట్టాలి. అట్టముక్కతో విసరాలి, ఊదకూడదు. తొందరగా నేర్చుకుంది. తల్లి చేయి.

ఈసారి తక్కువసేపే కూర్చున్నాము. నోషీకే వాంతి వచ్చేటట్టు అయింది. బయటికి తెచ్చాను. చూశారా, నాకు జాగ్రత్త తెలియదా?

డిసెంబర్ 16, సోమవారం

నాకు చెప్పకుండా సమీనా నోషీని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మాటిమాటికి తలనొప్పి అంటోందని. రక్తం తక్కువ ఉంది అన్నాడట, టానిక్ రాశాడు.

రక్తం తక్కువ. అంతే. ఇమ్మానుయేలు మాటకు నేను ఊరికే పరేషాన్ అయ్యాను.

పరేషాన్ అయ్యానని ఇప్పుడే రాశాను. కాలేదని అనుకున్నాను ఇన్ని రోజులు.

డిసెంబర్ 18, బుధవారం

సమీనా నోషీని తీసుకుని మానవపాడు పోయింది, వాళ్ల అమ్మగారింటికి. రేపు గురువారం అని పోయింది. నాకు తెలుసు.

డిసెంబర్ 22, ఆదివారం

దవాఖాన నుంచి నిన్న తెచ్చారు.

గురువారం ఒక్కదాన్నే కదా అని కుంపటి గోపురంలాగా నింపాను. అది నాకు గుర్తుంది. ఈసారి కళ్లు తెరిచే కూర్చుంటాను, నోషీకి కనపడింది నాకెందుకు కనపడదు అనుకున్నాను. తర్వాత ఏమీ గుర్తు లేదు. ముదస్సిర్ ఏదో కాగితం మరిచిపోయి ఇంటికి వచ్చాడట. పిలిస్తే పలకకపోతే తలుపు తోశాడట. ముక్కుకు గొట్టం పెట్టి గాలి ఇచ్చారు.

డాక్టరమ్మ నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. బొగ్గుల నుంచి ఒక విషపు గాలి వస్తుందట. రంగు ఉండదు, వాసన ఉండదు. గది మూసి ఉంటే ఎటూ పోలేక మనిషి రక్తంలోకి పోతుందట. తలనొప్పి, వాంతి, చెవుల్లో హోరు, కాళ్లలో బలం పోవడం. "కొంతమందికి లేనివి వినపడతాయి, కనపడతాయి" అంది. "పిల్లలైతే ఇంకా తొందరగా పోతారమ్మా" అంది.

లేనివి.

గాజులు లేనివి. పసుపుపచ్చ చున్నీ లేనిది. అంచులు తుడిచినవా అన్నది లేనిది.

ముదస్సిర్ కుంపటిని గొడ్డలి వెనక వైపుతో కొట్టి వంకర చేసి పాత సామాన్ల వాడికి వేశాడు. ఇంక బొగ్గులు రాజేయనని నా చేత నోషీ మీద ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. "నోషీకి గూడ నువ్వే చెప్పాలె. అమ్మీ రాలేదు, అది గాలి అని చెప్పు. నీ మాటే ఇంటది" అన్నాడు.

డిసెంబర్ 23, సోమవారం

నోషీ వచ్చింది. చెప్పావా అని ముదస్సిర్ కళ్లతో అడిగాడు. చెప్పానని తల ఊపాను.

చెప్పలేదు. మెడ పట్టుకుని వేలాడింది, ఎట్లా చెప్పాలి? నాకు ఎట్లాగూ పోయింది. దానికైనా తల్లి ఉండనీ అనుకున్నాను. కుంపటి లేదు. ఏం నష్టం?

డిసెంబర్ 26, గురువారం

"నానీ, ఇయ్యాల అమ్మీ రాదా?"

"ఈ వారం రాదు."

"ఎందుకు?"

"చలి ఎక్కువున్నది కద."

"ఆడ గూడ చలి ఉంటదా? వచ్చే వారం వస్తదా?"

చూద్దామన్నాను.

డిసెంబర్ 29, ఆదివారం

వంటిల్లు తుడిచాను. షెడ్డు వెనక బొగ్గుల సంచి ఇంకా ఉంది. సగానికి పైనే ఉంది. కుంపటి పోయాక సంచి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

జనవరి 5, ఆదివారం

కొత్త డైరీ రాలేదు. పాతదానిలోనే జనవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి, అందులో రాస్తున్నాను. అచ్చులో ఉన్న వారం కొట్టేసి ఈ ఏటి వారం వేశాను.

గురువారం సంగతి రాయాలి. రాస్తేనే నాకు నిజమవుతుంది.

లలితమ్మకు మోకాళ్ల నొప్పులని చూడబోయాను. సమీనా మిద్దె మీద బట్టలు తీస్తూ ఫోన్‌లో వాళ్ల చెల్లెలితో మాట్లాడుతోంది. నోషీ నాలుగింటికి బడి నుంచి వచ్చింది. నేను ఐదింటికి వచ్చాను. పెరట్లో బొగ్గుపొడి చుక్కలు చుక్కలుగా రాలి ఉంది, షెడ్డు వెనక నుంచి వంటింటి దాకా.

పరుగెత్తాను. తలుపు తోస్తే అడుగున ఏదో అడ్డం. తువ్వాలు. బిగించి పెట్టింది, నేను పెట్టినదానికన్నా మంచిగా. భుజంతో తోశాను.

లోపల కళ్లు మండే పొగ. కుంపటి లేదని ముబషిరా రొట్టెలు కాల్చిన పెనం మీద నోషీ బొగ్గులు పేర్చింది. కింద పీచు, పైన చిన్నవి, ఆ పైన పెద్దవి. అట్టముక్క పక్కనే ఉంది. పెనం కింద ఇటుకలు పెట్టింది, నేలకు వేడి తగలకుండా. పళ్లెంలో రొట్టె ముక్క, బెల్లం.

నా బిడ్డ బిడ్డ బండ పక్కన ముడుచుకుని పడి ఉంది. నోరు కొంచెం తెరిచి, చేతులు రెండూ జారవిడిచి. హాయిగా నిద్రపోయిందని నేను రాసింది దీన్నే.

రెక్క పట్టి ఈడ్చాను. నాకు ఎత్తే బలం లేదు. ఈడ్చుకుంటూ గడప దాటించి పెరట్లో పడేసి అరిచాను. సమీనా మిద్దె దిగి వచ్చి ఎత్తుకుని రోడ్డు మీదికి ఉరికింది. ఎవరిదో ఆటో.

రాత్రి అంతా కళ్లు తెరవలేదు. శుక్రవారం మధ్యాహ్నం తెరిచింది.

ముదస్సిర్ నన్ను ఒక్కటే అడిగాడు. "చెప్పిన అంటివి కద అమ్మీ."

సంచిని ఎందుకు తీయలేదని ఎవరూ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు ఉంది. అందుకే ఎవరూ అడగకపోతే బాగుండునని ఉంది.

జనవరి 6, సోమవారం

ఇమ్మానుయేలు వచ్చాడు. ముదస్సిర్ పిలిపించాడు, నన్ను అడగలేదు. కిటికీ అద్దం కోసి జాలీ పెట్టాడు. గోడకు రంధ్రం కొట్టాడు, రెండు టైల్స్ పగిలాయి. తలుపు బందులు విప్పి తలుపునే ఊడదీసి గోడకు ఆనించాడు. నేను చాయ్ చేసి ఇచ్చాను. తాగుతూ, "మెరుగు పోతదని బాధ పడకుండ్రి అమ్మా, బండకేం గాదు" అన్నాడు. బండ సంగతి ఎవరు అడిగారు?

దుమ్ము పడింది అంతటా. తుడవలేదు.

జనవరి 7, మంగళవారం

నోషీని ఇంటికి తెచ్చారు. మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. సమీనా, ముదస్సిర్ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నోషీ, అమ్మీ రాలేదు."

"వచ్చింది."

"రాలేదు బిడ్డా. బొగ్గుల విషం ఉంటది. అది తలకెక్కితే గట్ల కనపడ్తది. నాకు గూడ గట్లనే అయింది. డాక్టరమ్మ చెప్పింది."

"నువ్వే చెప్పినవ్ కద, వస్తదని."

"అబద్ధం చెప్పిన."

"అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

సమీనా అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. నేను జవాబు చెప్పాలి కదా. "నాకు అమ్మీ కావాల్సొచ్చి" అన్నాను. "నీకోసం గాదు. నాకే కావాల్సొచ్చి."

నోషీ నా చేయి తన మీదనుంచి తీసేసింది. ఇమ్మానుయేలు చిమ్నీ మాట ఎత్తినప్పుడు నేను ఎట్లా చూశానో, అట్లా చూసింది నన్ను.

"నీకు కనపడలేదు. నాకు కనపడ్డది. నీకు తెల్వదు నానీ" అంది.

జనవరి 8, బుధవారం

నోషీ నాతో మాట్లాడలేదు. సమీనాను అగ్గిపెట్టె ఏడున్నదని అడిగిందట.

ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలు, లైటరు, లోబాన్ పొట్లం, బొగ్గుల సంచి, అన్నీ లలితమ్మ ఇంట్లో పెట్టి వచ్చాను. "ఎన్ని దినాలు దాస్తవ్ వదినె?" అంది లలితమ్మ. తెలియదన్నాను.

జనవరి 9, గురువారం

నోషీ బడి నుంచి వచ్చి, సంచి పెట్టి, నేరుగా వంటింట్లోకి పోయింది. తలుపు ఉండే చోట ఒక్క నిమిషం ఆగింది. లోపలికి పోయి బండ పక్కన నేల మీద కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"మాట్లాడకు నానీ. నువ్ మాట్లాడితే రాదు."

"రాదు. నేను మాట్లాడకున్న రాదు."

"అప్పుడు వచ్చింది అంటివి. ఇప్పుడు రాలేదు అంటున్నవ్. ఏది అబద్ధం?"

"అప్పటిది."

ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. జాలీని చూసింది, గోడకున్న రంధ్రాన్ని చూసింది. మళ్లీ మూసుకుంది. కోపం లేదు ఆ మొఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"నేను పెద్దగైనంక నాకు ఒక ఇల్లు ఉంటది" అంది. "దానికి తలుపు ఉంటది."

నేను గడప మీద కూర్చున్నాను. రోడ్డు మీద లారీ పోయింది. జాలీలోంచి దుమ్ము వచ్చి బండ మీద, దాని జుట్టు మీద పడింది. సమీనా వచ్చి రెండుసార్లు చాయ్‌కి పిలిచింది. నేను లేవలేదు. డైరీ అడిగితే తెచ్చి ఇచ్చింది.

ఇది గడప మీదనే కూర్చుని రాస్తున్నాను. అది ఇంకా కళ్లు తెరవలేదు. పెదవులు కదుపుతోంది.